ఏనుగు డబ్బు ఊరికి చేరుతుందా? జింబాబ్వే, నమీబియా, బోత్స్వానాల లెక్క

మీరు అడిగింది ముందు నా మాటల్లో పెట్టుకుంటాను. ఆఫ్రికా దక్షిణాది దేశాల్లో డబ్బున్న విదేశీయులకు ఏనుగుల వేట అనుమతులు అమ్మి, ఆ సొమ్ము చుట్టుపక్కల ఊళ్ళకు పంచుతారని, దానివల్ల జంతువులూ పెరిగాయి, ఊళ్ళూ బాగుపడ్డాయని ఒకచోట చదివారు. ఇంకోచోట ఇదంతా వేట కంపెనీలు అల్లిన కట్టుకథ అని చదివారు. ఏది నమ్మాలి, అదే పద్ధతి మన నల్లమలకు పనికొస్తుందా అన్నది మీ సందేహం.

నేను నమీబియా రాజధాని విండ్‌హోక్ కేంద్రంగా గ్రామ సంఘాల పద్దులు చూసే పనిలో కొన్నేళ్ళు ఉన్నాను. జంతుశాస్త్రం నా సబ్జెక్టు కాదు. ఏనుగు మాట వస్తే నాకు ముందు తట్టేది దాని కాంట్రాక్టు మీద సంతకం ఎవరిది, చెక్కు ఏ ఖాతాలో పడింది అన్నదే. ఆ పక్షపాతం ఉందని గుర్తుంచుకునే చదవండి. అయితే మీరు చదివిన రెండు వ్యాసాలూ వేట మంచిదా చెడ్డదా అని వాదించుకుంటూ వదిలేసింది సరిగ్గా ఈ సంగతినే అనుకుంటున్నాను.

పాత కథ కొంచెం చెప్పాలి. తెల్లవాళ్ళు రాకముందు ఆ ఊళ్ళ జనం వేటాడేవారు, తినేవారు, తోళ్ళూ దంతాలూ అమ్ముకునేవారు. వలస పాలన వచ్చాక అడవి జంతువు రాజుగారి సొత్తయింది, కూరకోసం జింకను కొట్టినవాడు దొంగ వేటగాడయ్యాడు. మంచి నేలలు తెల్ల రైతులకు పోయాయి, కొన్ని పార్కులకు పోయాయి. మిగిలిన పొడి నేలల్లోకి, ట్సెట్సీ ఈగలుండే లోయల్లోకి నల్లవాళ్ళను తోశారు. 1950ల చివర్లో కరీబా డ్యామ్ కట్టినప్పుడు జాంబేజీ నదికి రెండు ఒడ్డుల నుంచీ కలిపి దాదాపు 57,000 మంది టోంగా జనాన్ని లేపేశారు. వాళ్ళను తీసుకెళ్ళి దించిన మెట్టల్లోనే ఏనుగులు కూడా ఉన్నాయి. రాత్రికి రాత్రి చేను తొక్కేసిన ఏనుగును కొట్టే హక్కు ఆ రైతుకు లేదు, పరిహారమూ లేదు. అలాంటివాడికి ఏనుగు బతికుంటే ఏం లాభం? దంతాల దొంగ వచ్చినప్పుడు దారి చూపిస్తే కనీసం మాంసమైనా దక్కుతుంది.

ఇక్కడొక తమాషా ఉంది. ఈ మొత్తం ఆలోచనకు మొదటి నమూనా పల్లెల్లో పుట్టలేదు, తెల్ల భూస్వాముల కోసం పుట్టింది. అప్పటి రొడీషియాలో (ఇప్పటి జింబాబ్వే) 1975లో వచ్చిన పార్కుల, వన్యప్రాణుల చట్టం, ఎవరి భూమిలో తిరిగే జంతువు మీద వాళ్ళకే అధికారం అంది. పశువుల ఫారాల యజమానులు లెక్క వేసుకున్నారు. వానలు సరిగా పడని నేలలో ఆవు కన్నా జీబ్రా, కూడూ జింక, చిరుత ఎక్కువ సంపాదిస్తాయి. చాలామంది ఆవుల్ని తగ్గించి అడవి జంతువుల్ని పెంచుకున్నారు. చంపితే తప్ప బతకలేం అనుకున్న జంతువే బ్యాంకు డిపాజిట్ అయింది. అప్పట్లో దక్షిణాఫ్రికా ఏలుబడిలో ఉన్న నమీబియాలోనూ సొంత భూమి ఉన్న రైతులకు దాదాపు అలాంటి హక్కులే 1975 ఆర్డినెన్స్‌లో దక్కాయి. చీతాల సంగతి మధ్యలో అడిగారు కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను: నమీబియా చీతాల్లో ఎక్కువ భాగం పార్కుల బయట, ఇలాంటి ఫారం భూముల్లోనే తిరుగుతాయి. 2022 సెప్టెంబరులో కునోకు వచ్చిన ఎనిమిదీ ఆ దేశం నుంచి వచ్చినవే.

1980లో జింబాబ్వే స్వతంత్రమైంది. తెల్ల రైతుకు ఉన్న హక్కు నల్ల రైతుకు ఎందుకు లేదన్న ప్రశ్న సహజంగానే వచ్చింది. 1982లో చట్టం సవరించి పల్లె ప్రాంతాలకూ ఆ అధికారం పెట్టారు. కానీ తెల్ల రైతు చేతికి వచ్చిన హక్కు అతని ఫారం గేటు దగ్గరే ఆగింది. పల్లెవాళ్ళ హక్కు మాత్రం ఊరిదాకా రాలేదు, జిల్లా కౌన్సిల్ దగ్గర ఆగిపోయింది. కాగితం మీద అధికారి కౌన్సిల్, ఊరు దాని కింద లబ్ధిదారు. జింబాబ్వేలో తర్వాత జరిగిన చాలా వాటికి మూలం ఇదే.

ఈ సవరణ మీద కట్టిన కార్యక్రమమే క్యాంప్‌ఫైర్. 1989లో న్యామిన్యామి, గురూవే జిల్లాలతో మొదలైంది. న్యామిన్యామి అంటే కరీబా దగ్గర టోంగాలు కొలిచే నది దేవత, డ్యామ్ కోసం లేచిపోయిన వాళ్ళ జిల్లాకు ఆ పేరే పెట్టుకున్నారు. పద్ధతి ఇది: ఏ జంతువును ఎన్ని వేటాడవచ్చో పార్కుల శాఖ కోటా ఖరారు చేస్తుంది. కౌన్సిల్ ఆ కోటాను సఫారీ కంపెనీకి లీజుకు ఇస్తుంది. కంపెనీ అమెరికా నుంచో జర్మనీ నుంచో వేటగాణ్ణి తీసుకొస్తుంది. అతను రోజుకు ఇంత, జంతువుకు ఇంత అని కడతాడు. తలా తోలూ అతనివి, మాంసం ఊరిది. వచ్చిన డబ్బులో కనీసం సగం జంతువు తిరిగిన ఊరి వార్డుకు, 35 శాతం దాకా సంరక్షణ ఖర్చులకు, 15 శాతం కౌన్సిల్ పన్నుకు అని మార్గదర్శకాలు పెట్టారు. మార్గదర్శకం అన్నాను, చట్టం అనలేదు. ఆ తేడా దగ్గరికి మళ్ళీ వస్తాను.

మొదటి ఏళ్ళలో జరిగినవి నిజంగా చెప్పుకోదగ్గవి. దక్షిణాన బైట్‌బ్రిడ్జ్ జిల్లాలో చిక్వారక్వారా అనే ఊరుంది. అక్కడ వేట డబ్బును కౌన్సిల్ ప్రాజెక్టుల కింద ఖర్చు పెట్టలేదు. సభ పెట్టి, ఒక్కో కుటుంబాన్నీ పిలిచి నోట్లు చేతిలో పెట్టారు. ఆ తర్వాత ఊరంతా కలిసి తీర్మానించుకున్న పిండిమరకు, బడికి ఎవరి వాటా వాళ్ళు అక్కడే తీసి ఇచ్చారు. చూడ్డానికి ఇదంతా అనవసర తతంగంలా ఉంటుంది, ఎలాగూ తిరిగి తీసుకునే డబ్బు చేతికెందుకివ్వాలి అనిపిస్తుంది. ఇవ్వాలి. ఒకసారి చేతిలో పడ్డాక పిండిమర సర్కారు దయతో వచ్చింది అనిపించదు, మా ఏనుగు డబ్బుతో మేం పెట్టుకున్నాం అనిపిస్తుంది. మరుసటి ఏడాది మర పాడైతే ఎవరి జవాబుదారీయో ఊరికి తెలుసు. జాంబేజీ లోయలో మసోకా అనే చిన్న ఊరు కూడా ఈ డబ్బుతో బడి, ఆసుపత్రి కట్టుకుంది.

తర్వాతి కథ అంత బాగుండదు. 1989 నుంచి 2001 దాకా క్యాంప్‌ఫైర్ కింద రెండు కోట్ల అమెరికన్ డాలర్ల పైనే పంపకం జరిగింది, అందులో దాదాపు 89 శాతం వేట నుంచే. పెద్ద మొత్తంలా ఉంది కదా. అయితే ఆదాయంలో 97 శాతం 12 జిల్లాల నుంచే వచ్చింది. జంతువులు అమ్ముకునే అధికారం ఉన్న జిల్లాలు మాత్రం 37. ఏనుగులు లేని జిల్లాకు ఈ పథకం బోర్డు తప్ప ఏమీ ఇవ్వలేదు. ఉన్న జిల్లాల్లోనూ జనాభా పెరిగింది, కౌన్సిళ్ళు తమ దగ్గర ఎక్కువ ఉంచుకున్నాయి. 1996 నాటికి లెక్క తీస్తే, మధ్యస్థంగా చూసినప్పుడు కుటుంబానికి ఏడాదికి దక్కింది 5 డాలర్ల లోపు. ఏనుగు ఒక్క రాత్రిలో తొక్కే పంట విలువ దానికి ఎన్నో రెట్లు.

కౌన్సిళ్ళను తిట్టడం తేలిక. వాళ్ళ వైపు నుంచి కూడా చూడండి. 1990ల మొదట్లో ఆర్థిక సర్దుబాటు పేరుతో కేంద్రం నుంచి వచ్చే గ్రాంట్లు తగ్గాయి. ఉద్యోగుల జీతాలు, రోడ్లు, ఆఫీసు అన్నీ ఉన్నాయి, సొంత ఆదాయం అనదగ్గది ఏనుగు ఒక్కటే. ఎదురుగా డబ్బున్న ఖాతా, దాని మీద చట్టప్రకారం సంతకం తమది. అడగాల్సిన ఊరికి చట్టంలో గొంతు లేదు. ఎవరైనా ఏం చేస్తారు? మార్గదర్శకం తప్పితే ఊరు కోర్టుకు వెళ్ళలేదు. హరారేలోని జింబాబ్వే విశ్వవిద్యాలయంలో మార్షల్ మర్ఫ్రీ అనే సామాజిక శాస్త్రవేత్త ఈ ప్రమాదాన్ని మొదటి నుంచీ చెబుతూనే వచ్చాడు. జంతువుతో పక్కపక్కన బతికేవాళ్ళే దాన్ని నిర్వహించాలి, లాభం వాళ్ళకే రావాలి, అధికారం పైన ఆగిపోతే మిగతాదంతా అలంకారమే అని ఆయన వాదన. 2000ల మధ్యలో కొన్ని జిల్లాల్లో సఫారీ కంపెనీ ఊరి ఖాతాలోకి నేరుగా వేసే పద్ధతి తెచ్చారు. అది బాగానే పనిచేసింది కానీ అప్పటికి దేశం ద్రవ్యోల్బణంలో మునిగిపోతోంది. డాలర్లలో వచ్చిన ఫీజు అధికారిక రేటులో జింబాబ్వే డాలర్లుగా మారి ఊరు చేరేలోపు కరిగిపోయేది. 2014లో అమెరికా జింబాబ్వే ఏనుగు ట్రోఫీల (వేటగాడు గుర్తుగా ఇంటికి తీసుకెళ్ళే దంతాలు, తోలు లాంటివి) దిగుమతి ఆపేసింది. ఆ వేటగాళ్ళలో అమెరికన్లే ఎక్కువ కాబట్టి దెబ్బ నేరుగా ఊళ్ళ మీద పడింది. ఆ మరుసటి ఏడాది ఒక అమెరికన్ వేటగాడు చంపిన సెసిల్ అనే సింహం గొడవ ప్రపంచమంతా మోగింది. ఆ సింహాన్ని చంపింది ప్రైవేటు భూమిలో, క్యాంప్‌ఫైర్ ఊళ్ళకు దానితో సంబంధం లేదు. కానీ దాని తర్వాత వచ్చిన చెడ్డపేరు మాత్రం వాళ్ళూ మోశారు.

ఇక నమీబియా. నేను దగ్గర నుంచి చూసింది ఇదే కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

మొదలు చట్టంతో కాలేదు. 1980ల మొదట్లో వాయవ్యాన కునేనే ప్రాంతంలో భయంకరమైన కరువు. ఊళ్ళ పశువులు చచ్చిపోయాయి. మరోవైపు ఖడ్గమృగాలను, ఎడారి ఏనుగులను దొంగలు ఊడ్చేస్తున్నారు. గార్త్ ఓవెన్-స్మిత్ అనే సంరక్షకుడు హెరేరో తెగ పెద్ద జాషువా కంగోంబే లాంటి ఊరిపెద్దల దగ్గరికి వెళ్ళి మాట్లాడాడు. పెద్దలు తమ మనుషుల్నే కావలికి పెట్టారు. జీతం పెద్దగా లేదు, మొక్కజొన్న పిండి లాంటి రేషన్, కొంచెం డబ్బు. కానీ కావలివాడు జవాబు చెప్పాల్సింది అటవీశాఖకు కాదు, తన ఊరిపెద్దకు. పక్కింటివాడు వేటకు పోతే పట్టుకునేది సర్కారు మనిషి కాకుండా మేనమామ అయినప్పుడు లెక్క మారిపోతుంది. ఓవెన్-స్మిత్, మార్గరెట్ జేకబ్‌సన్‌లకు 1993లో గోల్డ్‌మన్ పర్యావరణ బహుమతి వచ్చింది ఈ పనికే.

దేశం 1990లో స్వతంత్రమైంది. 1996లో చట్టం సవరించి ఊళ్ళకు కన్సర్వెన్సీ, అంటే తమ నేలలోని జంతువుల్ని తామే చూసుకునే సంఘం, పెట్టుకునే హక్కు ఇచ్చారు. షరతులు ఐదే: సభ్యుల జాబితా, పొరుగువాళ్ళు ఒప్పుకున్న సరిహద్దు, నియమావళి, ఎన్నికైన కమిటీ, లాభం ఎలా పంచుతారో రాసిన ప్రణాళిక. జిల్లా ప్రసక్తి లేదు. సరిహద్దు గీసుకునేది ఊళ్ళే. 1998లో నాలుగింటికి గుర్తింపు వచ్చింది, వాటిలో టోరా, సాన్ జనం నడిపే న్యాయే న్యాయే ఉన్నాయి. ఇప్పుడు 86 ఉన్నాయి, దేశ విస్తీర్ణంలో దాదాపు ఐదోవంతు వాటి కింద ఉంది. భూమి ఇప్పటికీ ప్రభుత్వానిదే, ఇది మరిచిపోకూడదు. కానీ వేట కోటా మీద, పర్యాటక లాడ్జి మీద కాంట్రాక్టు రాసుకునేది కన్సర్వెన్సీయే, ఆ ఫీజులో ప్రభుత్వం వాటా తీసుకోదు. జీతగాడికి పండక్కి కొత్త బట్టలు పెట్టడానికీ, కౌలు కాగితం రాసివ్వడానికీ ఎంత తేడానో జింబాబ్వేకీ నమీబియాకీ మధ్య అంత తేడా.

ఫలితం కనబడింది. దేశంలో ఏనుగులు 1990ల మధ్యలో సుమారు 7,500 ఉండేవి, ఇప్పుడు 20,000 దాటాయి. దీనికంతటికీ కన్సర్వెన్సీలే కారణమని నేను అనను. బోత్స్వానా నుంచి నడిచొచ్చినవీ ఉన్నాయి, అంగోలా యుద్ధం ముగియడమూ కలిసొచ్చింది. కానీ ఊళ్ళు వద్దనుకుని ఉంటే ఆ నేలల్లో అన్ని ఏనుగులు నిలిచేవి కావు.

నాకు అక్కడ అన్నిటికన్నా నచ్చింది ఒక నోటు పుస్తకం. ఈవెంట్ బుక్ అంటారు. కావలివాడు నడుస్తూ చూసింది ఏదైనా, పంట నష్టం, సింహం కొట్టిన మేక, వల, చిరుత జాడ, బొమ్మల గుర్తులతో అందులో వేస్తాడు. చదువు పెద్దగా అక్కర్లేదు. ఏడాది చివర ఆ గీతలే పెద్ద చార్టులుగా మారి కన్సర్వెన్సీ ఆఫీసు గోడకెక్కుతాయి. అసలు పుస్తకం ఊళ్ళోనే ఉంటుంది, రాజధానికి పోయేది నకలు. చాలా దేశాల్లో ఇలాంటి లెక్కలు ఊరి నుంచి పైకి పోతాయి, తిరిగి రావు. ఇక్కడ వచ్చే ఏడాది కోటా ఎంత అడగాలో కమిటీ తన గోడ చూసుకుని మాట్లాడుతుంది.

లోపాలు లేవా? బోలెడు. ఒక వార్షిక సభ నాకు బాగా గుర్తుంది. మోపానె చెట్టు కింద పొద్దున మొదలైంది. ప్రతి మాటా ఒటిహెరేరోలో ఒకసారి, ఖోయిఖోయి భాషలో ఒకసారి చెప్పాలి కాబట్టి మధ్యాహ్నానికి కూడా ఎజెండాలో రెండో అంశం దాటలేదు. ఆ అంశం ఏమిటంటే బండి డీజిలు. కమిటీ జీపు ఎక్కడెక్కడ తిరిగింది, ఛైర్మన్ బావమరిది పెళ్ళికి ఎందుకు వెళ్ళింది. ఏనుగుల గురించి, సింహాల గురించి ఆ రోజు మాట్లాడినవాళ్ళు తక్కువ. పక్కన కూర్చున్న ఒక యూరపు దాత సంస్థ కుర్రాడు విసుక్కున్నాడు. నాకు మాత్రం ఆ డీజిలు గొడవే అసలు విషయం అనిపించింది. తమ డబ్బు కాకపోతే ఎవరూ లీటర్లు లెక్కపెట్టరు. ఇంకో మాట, నేను చూసినంతలో కోశాధికారిగా ఆడవాళ్ళు ఉన్నచోట రసీదులు దొరికేవి.

ఆ పద్దుల్లో పదే పదే కనబడింది ఒకటుంది. ఆదాయంలో పెద్ద భాగం కావలివాళ్ళ జీతాలకు, ఆఫీసుకు, బండికి పోతుంది. ఇంటికి నగదుగా చేరేది కొంచెం. ఇది దొంగతనం కాదు, జీతం తీసుకునే కావలివాళ్ళూ ఆ ఊరివాళ్ళే. కానీ మేకల్ని సింహానికి పోగొట్టుకున్న ముసలమ్మ ఇంట్లో జీతగాడు లేకపోతే ఆమెకు దక్కింది సున్నా. కష్టం ఇంటింటికీ వేరువేరుగా పడుతుంది, లాభం ఊరుమ్మడిగా వస్తుంది. ఈ ముడి నమీబియా కూడా విప్పలేకపోయింది. జంతువు చేసిన నష్టానికి ప్రభుత్వం బాధ్యత తీసుకోనని 2009 విధానంలోనే రాసింది. గేమ్ ప్రొడక్ట్స్ ట్రస్ట్ ఫండ్ అనే ప్రభుత్వ నిధి నుంచి కొంత సర్దుబాటు ఇస్తారు, అది నష్టానికి సమానం కాదు. రాత్రి పశువుల్ని దొడ్లో కట్టలేదని తేలితే అదీ రాదు.

దాతల సొమ్ము సంగతి కూడా చెప్పాలి. 1993 నుంచి అమెరికా సహాయంతో నడిచిన ప్రాజెక్టు లేకపోతే ఈ సంఘాలు ఇన్ని నిలబడేవి కావు. కోవిడ్‌లో లాడ్జిలు మూతపడినప్పుడు కావలివాళ్ళ జీతాలు అత్యవసర నిధి నుంచే ఇచ్చారు. స్వయం సమృద్ధి అని ఎవరైనా అంటే కొంచెం తగ్గించుకుని వినండి.

బోత్స్వానా కథ తలకిందులు. ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువ ఏనుగులు అక్కడే. 2022లో ఐదు దేశాలు కలిసి విమానాల మీంచి చేసిన గణనలో మొత్తం 2,27,900 తేలితే, అందులో 1,31,909 బోత్స్వానావే. ఒకావాంగో నదికి తూర్పు గట్టున కొన్ని ఊళ్ళ దగ్గర మనుషులూ ఏనుగులూ దాదాపు సమాన సంఖ్యలో ఉన్నారు. అక్కడా 1990ల నుంచి ఊరి ట్రస్టులు ఉన్నాయి. చోబే ఎన్‌క్లేవ్, సాంకుయో లాంటివి బాగా సంపాదించాయి. 2007లో ప్రభుత్వం ఒక విధానం రాసింది: ట్రస్టుల ఆదాయంలో 65 శాతం జాతీయ నిధికి, 35 శాతం ఊరికి. డబ్బు దుర్వినియోగం అవుతోందని కారణం చెప్పారు. అవుతోంది కూడా. కానీ దాని మందు ఆడిట్, వాటా కోత కాదు. తర్వాత 2014లో అధ్యక్షుడు ఇయాన్ ఖామా వేటను నిషేధించారు. ఊళ్ళను అడిగి చేసిన పని కాదు. లాడ్జిలకు అనువుగాని పొదల నేలల్లో వేట ఒక్కటే ఆదాయంగా ఉన్న ట్రస్టులు కూలబడ్డాయి. జీతాలు పోయాయి, మాంసం పోయింది, ఏనుగు మాత్రం చేలోకి వస్తూనే ఉంది. 2019లో తర్వాతి అధ్యక్షుడు మసీసీ ప్రభుత్వం నిషేధం ఎత్తేసింది. 2024లో ట్రోఫీల దిగుమతికి జర్మనీ ఆంక్షలు పెడతానంటే, 20,000 ఏనుగులు పంపిస్తాను, మీరే పెంచుకోండి అని మసీసీ అన్నది మీరూ పత్రికల్లో చూసే ఉంటారు. ఎన్నికల ముందు మాట అది, అందులో నాటకం ఉంది. అయినా ఆ గట్టున చేను వేసుకునే రైతు నవ్వి ఊరుకోడు, అవునంటాడు.

వేట లేకుండా ఫొటో పర్యాటకంతో నడవదా అని అడిగారు. కొన్నిచోట్ల బ్రహ్మాండంగా నడుస్తుంది. టోరాలో డమరాలాండ్ క్యాంప్ అనే లాడ్జి 1996 నుంచి ఒక పర్యాటక కంపెనీతో ఒప్పందం మీద ఉంది, ఊరివాళ్ళకు ఉద్యోగాలు, అద్దె వస్తాయి. కానీ లాడ్జికి రోడ్డు కావాలి, విమానం దిగే చోటు కావాలి, కంటికి ఇంపైన కొండా నదీ కావాలి, పెట్టుబడి తిరిగిరావడానికి ఏళ్ళు కావాలి. వేటకు గుడారం, ఒక జీపు, ఏడాదికి కొద్దిమంది కస్టమర్లు చాలు. అందుకే చూడ్డానికి ఏమీ లేని మోపానె పొదల ఊళ్ళు వేట మీదే బతుకుతాయి. నమీబియా కన్సర్వెన్సీల ఖర్చుల మీద జరిగిన పరిశోధనలోనూ ఇదే తేలింది: వేట ఆపితే ఖర్చులు భరించలేక మూతపడేవి, పర్యాటకం ఆపితే పడేవాటికన్నా ఎక్కువ. నా సొంత అభిప్రాయం అడిగితే, సరదాకి ఏనుగును కాల్చే మనిషి నాకు ఎప్పుడూ అర్థం కాలేదు, అర్థం చేసుకోవాలన్న ఆత్రుతా లేదు. కానీ అతన్ని ఆపే నిర్ణయం లండన్‌లోనో బెర్లిన్‌లోనో కూర్చుని తీసుకుంటే, దాని ఖర్చు కట్టేది ఏనుగు పక్కన పడుకునేవాడు. మా ఏనుగు, మా కోటా, వద్దు అని ఆ ఊరి సభ తీర్మానిస్తే నేను చప్పట్లు కొడతాను.

దక్షిణాఫ్రికాలో మకులేకే జనానిది వేరే దారి. క్రూగర్ పార్కు ఉత్తర కొనలో పఫూరి నుంచి 1969లో వాళ్ళను వెళ్ళగొట్టారు. వర్ణవివక్ష పోయాక దావా వేసి 1998లో భూమి వెనక్కి తెచ్చుకున్నారు. తెచ్చుకుని, అక్కడ కాపురం పెట్టం, సాగు చేయం, పార్కులోనే ఉంచుతాం, లాడ్జి ఆదాయం మాది అని ఒప్పందం రాసుకున్నారు. యాజమాన్యం చేతికొచ్చాక జనం అడవిని నరికేస్తారని భయపడేవాళ్ళకు ఈ కేసు చూపిస్తాను. ఒక్క కేసుతో అంతా రుజువైపోదు, నిజమే.

ఇంకో చిన్న ముచ్చట. జాంబేజీ లోయలో 1990ల చివరి నుంచి ఏనుగుల్ని మిరపతో తరుముతున్నారు. ఎండుమిరప పొడి పేడలో కలిపి ఇటుకలు చేసి, ఎండబెట్టి, రాత్రి చేను గట్టు మీద రాజేస్తారు. ఆ ఘాటుకు ఏనుగు పక్కకు తిరుగుతుంది. మిరప చేను మాత్రం ఏనుగు తినదు, కాబట్టి అదే అమ్ముకునే పంట కూడా అయింది. మన పల్నాటి మిరప రైతుకు ఎవరైనా ఈ సంగతి చెప్పాలి. గాలి ఎదురు తిరిగితే ఏడ్చేది మనుషులే అన్నది కూడా చెప్పాలి.

చివరికి నల్లమల. వేట నమూనాను ఇక్కడికి తేవడం గురించి ఆలోచనే అక్కర్లేదు. 1972 వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు, జనమూ ఒప్పుకోరు, ఒప్పుకోవాల్సిన అవసరమూ లేదు. జనసాంద్రత చూడండి: నమీబియా 8,24,000 చదరపు కిలోమీటర్లలో ముప్పై లక్షల మంది. మన రెండు రాష్ట్రాలు కలిపి అందులో మూడోవంతు విస్తీర్ణం, 2011 లెక్కల్లోనే ఎనిమిదిన్నర కోట్ల జనం. తేదగ్గది ఏదైనా ఉంటే అది సంతకం ఎవరిది అన్న ప్రశ్న.

మన దగ్గర 1992 నుంచి వన సంరక్షణ సమితులు పెట్టారు. ఊరికి వాటా ఇచ్చారు, పనులిచ్చారు, ప్రపంచ బ్యాంకు డబ్బు వచ్చింది. కానీ ఉమ్మడి ఖాతా మీద రెండో సంతకం అటవీశాఖ ఉద్యోగిది. ఆ సంతకం పడకపోతే చెక్కు కదలదు. జింబాబ్వేలో కౌన్సిల్ కూర్చున్న కుర్చీలో ఇక్కడ శాఖ కూర్చుంది, అంతే. ప్రాజెక్టు డబ్బు ఆగినచోట సమితులు కూడా ఆగాయి. పులుల రిజర్వుల్లో గేటు రుసుము టైగర్ ఫౌండేషన్‌కు వెళ్తుంది, దాని పాలకమండలి పైన కూర్చునేది మంత్రి. నాగార్జునసాగర్-శ్రీశైలం రిజర్వులో చెంచులు కావలి పనిచేస్తున్నారు, పులి జాడ వాళ్ళకన్నా బాగా చదివేవాళ్ళు లేరు. కానీ అది కూలి. పులుల లెక్క వాళ్ళు తీస్తారు, ఆ లెక్క మీద నిర్ణయం వాళ్ళది కాదు.

మన చట్టంలోనే దారి లేకపోలేదు. 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు సామూహిక అటవీ వనరు మీద హక్కు ఇస్తుంది, కాపాడే అధికారమూ ఇస్తుంది. కర్ణాటకలో బిళిగిరి రంగన కొండల్లో సోలిగ గిరిజనులకు 2011లో, అది పులుల రిజర్వు అయినా, ఈ సామూహిక హక్కులు వచ్చాయి. మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా మేంఢా-లేఖాలో అదే ఏడాది అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ వెదురు రవాణా పర్మిట్ల పుస్తకాన్ని గ్రామసభ చేతికిచ్చారు. వెదురు అంతకుముందూ ఆ ఊరి అడవిలోనే ఉంది, అమ్ముకుంటే తోలడానికి కావలసిన కాగితం మాత్రం శాఖ దగ్గర ఉండేది. నేను నమీబియా గురించి ఇంత రాసి చెప్పదలచింది ఆ పుస్తకం గురించే. మీరు నిజంగా ఈ పని మీద ఉంటే, జాంబేజీకి టికెట్ కొనేముందు కాళేశ్వరం మీదుగా గడ్చిరోలి వెళ్ళి రండి, ఒక్కరోజు ప్రయాణం. అక్కడ వెదురు అమ్మిన డబ్బు పద్దును సభలో ఎవరు చదువుతారో, చదివినప్పుడు ఎవరు లేచి అడ్డం తిరుగుతారో కనుక్కోండి. నల్లమల గూడేల్లో ఏ ఊరు దానికి సిద్ధంగా ఉందో ఆ తర్వాత మాట్లాడుకుందాం.